నాలుగు కోట్ల ముప్ఫై లక్షల నలభై ఆరువేల ఏడువందల ఇరవై ఒకటి

గొప్పవాళ్ళ జీవితచరిత్రలు పుట్టుకతో మొదలవుతాయి. నంబర్లాయన విషయంలో ఆ అధ్యాయానికి కావలసినంత సరుకు లేదు. ఆయన పుట్టాడన్నంత వరకూ రూఢిగా చెప్పవచ్చు. తండ్రి తూనికలు కొలతల ఆఫీసులో రాళ్ళ మీద ముద్రలు వేసేవాడు. బడిలో పందొమ్మిదో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పి, ఇరవయ్యోది చెప్పమంటే "అందులో ఏముందండీ, రెండో ఎక్కానికి సున్నా తగిలించడమే కదా" అన్నాడని, అందుకు గంటసేపు బెంచీ ఎక్కి నిలబడ్డాడని ఒక వాదం ఉంది. అది మినహా ఇరవై అయిదో ఏడు వచ్చేదాకా ఆయన చేసిన ఘనకార్యాలేవీ లోకం దృష్టికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు గానీ, జీతం మాత్రం రావడం మొదలైంది.

ఉద్యోగం పెద్దాసుపత్రి పరీక్షశాలలో. పరీక్షశాల అంటే మైక్రోస్కోపులూ తెల్లకోట్లూ ఉన్న గదులు కావు, వాటికి ముందున్న చిన్న గది. ఒక కిటికీ, కిటికీకి అడుగున చెక్క బల్ల, బల్ల మీద స్టీలు ట్రే, ఒక లావుపాటి రిజిస్టరు, బంక సీసా. వార్డుల నుంచి రక్తమూ మూత్రమూ, మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కలూ సీసాల్లో ఆ కిటికీ దగ్గరికి వస్తాయి. ఆయన ఒక్కొక్క సీసాకీ ఒక నంబరు వేస్తాడు. రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా పేరు రాస్తాడు. సీసా మీద పేరు చించేస్తాడు. లోపలి గదుల్లోకి వెళ్ళేది నంబరు ఒక్కటే. పేరు కనిపిస్తే పరీక్ష చేసేవాళ్ళకి జాలి కలుగుతుందనీ, జాలి కలిగితే కన్ను మసకబారుతుందనీ పూర్వం ఎవరో పెద్ద డాక్టరు పెట్టిన నియమం అది. ముక్క ఎక్కడి నుంచి తీసిందో కూడా రాయరు. ఫలితం కాగితం మీద నంబరుతోనే తిరిగి వస్తుంది. అప్పుడు మళ్ళీ ఆయనే రిజిస్టరు తెరిచి, కాగితం మీద పేరు రాసి, కవర్లో పెట్టి, కిటికీలోంచి ఇస్తాడు. అంటే ఊళ్ళో ఎవరి రోగం ఎవరిదో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయనకి మాత్రం ఏ రోగం ఏమిటో తెలియదు. నంబరు చూస్తాడు, కింద ఏముందో చదవడు. చదవకూడదని నియమమేమీ లేదు. అది ఆయన పని కాదు, అంతే.

నంబరుకి ఎనిమిది అంకెలు. మొదటి ఏడూ ఆసుపత్రి తెరిచినప్పటి నుంచీ వస్తున్న వరస. ఎనిమిదోది కాపలా అంకె. అంకెలన్నీ కూడితే తొమ్మిదితో నిశ్శేషంగా పోయేలా ఆ చివరి అంకెని ఎంచుకుంటారు. ఎవరైనా ఒక అంకె తప్పు రాస్తే మొత్తం తొమ్మిదితో పోదు, తప్పు బయటపడుతుంది. ఈ పద్ధతి నిర్ణయించడానికి ఆయన చేరిన ఏడాదే ఒక కమిటీ కూచుంది. నంబర్లు వేసేవాడు కదా అని ఆయన్నీ పిలిచారు. ఆయన లేచి, తొమ్మిది కన్నా పదకొండు మేలని మనవి చేశాడు. ఒక అంకె కూడి, పక్క అంకె తీసేసి, మళ్ళీ కూడి, మళ్ళీ తీసేస్తూ పోతే పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుందనీ, తొమ్మిది పద్ధతిలో ఆ తప్పు దొరకదనీ చెప్పాడు.

"కూడిక ఎవడైనా చేస్తాడయ్యా," అన్నాడు కమిటీ పెద్ద. "తీసివేతంటే దానికి వేరే మనిషిని వెయ్యాలి."

కమిటీ తొమ్మిదిని ఏకగ్రీవంగా ఆమోదించింది. తీర్మానం కింద "అంగీకారమే" అని రాసి నంబర్లాయన కూడా సంతకం పెట్టాడు. పెట్టకపోతే ఏకగ్రీవం కాదన్నారు.

రోజుకి నాలుగు వందల సీసాలు. చాలా సంఖ్యలకి చెప్పుకోదగ్గ గుణగణాలేమీ ఉండవు. వస్తాయి, పోతాయి. ఉద్యోగంలో రెండో ఏడు మాత్రం ఒక విశేషం జరిగింది. 1,43,48,907 వచ్చింది. మూడుని మూడుతో హెచ్చవేస్తూ పదిహేను మూళ్ళు వాడితే వచ్చే సంఖ్య. ఆ సంగతి ఆయన మూడు రోజులు ఆలస్యంగా గమనించాడు. రిజిస్టరు తిరగేసి చూస్తే అది సైకిళ్ళు బాగుచేసే ఒకాయన మూత్రానికి పోయింది. ఆ పూట నంబర్లాయన అన్నం సగం వదిలేశాడని క్యాంటీను వాళ్ళు చెప్పుకునేవారు. తర్వాత కాగితం తీసి లెక్కవేశాడు. ఇంకొక్క మూడు చేర్చి పదహారు మూళ్ళ సంఖ్య రావాలంటే ఇంకా ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు సీసాలు రావాలి. రోజుకి నాలుగు వందల చొప్పున ఇరవై నాలుగేళ్ళు పడుతుంది. రిటైరయ్యేలోపు వస్తుంది. ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని, తర్వాతి సీసా అందుకున్నాడు.

మధ్యలో పెళ్ళి జరిగింది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి అడిగింది.

"ఆఫీసులో ఏం చేస్తారు?"

"నంబర్లు వేస్తాను."

"వేశాక?"

"తర్వాతి నంబరు వేస్తాను."

ఆమె నవ్వింది. ఆయన వేళాకోళమాడుతున్నాడనుకుని సరేనందట. నిజమేనని తర్వాత తెలిసింది గానీ అప్పటికి అలవాటైపోయింది. ఆమెది పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా వేరుచేసే పని. ఇద్దరూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో గూళ్ళలో సర్ది ఇంటికొచ్చేవారు. పిల్లలు కలగలేదు. దాని గురించి వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు కాబట్టి ఇక్కడా మాట్లాడనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు గడిచాయి.

ఆమెకి మెడ దగ్గర గడ్డ లేచింది. మొదట నెలరోజులు అద్దంలో చూసుకుంది, తర్వాత ఆయనకి చూపించింది. ఆయన చూసి, "నొప్పా?" అన్నాడు. "లేదు," అంది. నొప్పి లేకపోవడం మంచిదో చెడ్డదో ఇద్దరికీ తెలియదు. డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపుతానన్నాడు. ఫలానా శుక్రవారం రమ్మన్నాడు.

ఆ శుక్రవారమే పదహారు మూళ్ళ సంఖ్య కూడా రావలసి ఉంది. ఇది ఆయన కోరుకున్నది కాదు, కుదిర్చింది కాదు. వారం రోజులుగా రోజూ సాయంత్రం మిగిలిన సీసాలు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు, అంతే. ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్ళకే పోనిద్దామని కూడా నిశ్చయించుకున్నాడు.

ఆ సంఖ్య వంశవృక్షం ఇక్కడ విన్నవించడం అవసరం. మూడుకి మూడు తొమ్మిది. తొమ్మిది తొమ్ముళ్ళు ఎనభై ఒకటి. ఎనభై ఒకటిని ఎనభై ఒకటితో హెచ్చిస్తే ఆరువేల అయిదువందల అరవై ఒకటి. దాన్ని దానితోనే హెచ్చిస్తే 4,30,46,721. వరసగా నాలుగు తరాలు, ప్రతి తరమూ ముందు తరానికి వర్గం. ఆ ఇంట్లో మూడు తప్ప ఇంకో ప్రధానసంఖ్య అడుగుపెట్టలేదు. రెండు రాదు, అయిదు రాదు, ఏడు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఒకటితోనూ తనతోనూ కలిపి దాన్ని నిశ్శేషంగా భాగించేవి సరిగ్గా పదిహేడు. ఆ పదిహేడుతో దాన్ని భాగిస్తే మాత్రం ఒకటి మిగులుతుంది. 6,561కి అటూ ఇటూ ఉన్న 6,560నీ 6,562నీ హెచ్చిస్తే దీనికి ఒక్కటి తక్కువొస్తుంది. ఇంత మర్యాదగల సంఖ్య ఆ కిటికీ దగ్గరికి మళ్ళీ రాదు. పదిహేడు మూళ్ళ సంఖ్యకి తొమ్మిది అంకెలుంటాయి. రిజిస్టర్లో గడి చాలదు.

ఉదయం పదకొండు దాటాక వార్డు ఆయా ట్రే తెచ్చి పెట్టింది. అందులో మూడో సీసా మీద ఆయన భార్య పేరుంది. అడుగున మందునీళ్ళలో శనగగింజంత ముక్క. ఇంకా నలభై ఎనిమిది సీసాలు వస్తే ఆ సంఖ్య వస్తుంది.

ఆయన ఆ సీసా తీసి బంక సీసా వెనకాల పెట్టాడు.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఎవరి సీసానీ ముందుకి గానీ వెనక్కి గానీ జరిపి ఎరుగడు. సూపరింటెండెంటుగారి బావమరిది వచ్చినప్పుడు కూడా వరసలో నిలబెట్టాడు. ఇప్పుడు ముప్పావుగంట సేపు సొంత భార్య ముక్కని ఆపాడు. నలభై ఎనిమిదీ అయ్యాక, దాన్ని తీసి, చేతి గుడ్డతో తుడిచి, 4,30,46,721 అని చీటీ రాసి అతికించాడు. ఒక పెళ్ళిరోజు గానీ పుట్టినరోజు గానీ గుర్తుపెట్టుకున్న మనిషి కాదు. ఆ చీటీ మాత్రం రెండుసార్లు రాశాడు. మొదటిదాంట్లో 2 సరిగా రాలేదు.

ఫలితం రావలసిన శనివారం ఆయన సెలవు పెట్టాడు. తన బంధువుల కాగితం మీద గుమాస్తా తానే పేరు రాయకూడదని మరో నియమం. ఆయన బల్ల దగ్గర పక్క గది గుమాస్తా కూచున్నాడు. పని చేసే వేగాన్ని బట్టి అతన్నందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. భార్య అక్కగారు కిటికీ దగ్గరికెళ్ళి, రోగులకిచ్చే నంబరు చీటీ అప్పగించి, కవరు తీసుకుని, మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికొచ్చారు. దారిలోనే చదివేశారని మెట్లెక్కే చప్పుడులోనే తెలిసింది.

"ఏమీ లేదే. ఏమీ లేదు. 'పంపిన ముక్కలో ప్రమాదకరమైన కణాలేవీ కనిపించలేదు' అని రాశారు. నేను ముందే చెప్పానా, మన వంశంలో మోకాళ్ళే గానీ మెడలు లేవని."

భార్య కుర్చీలో కూలబడింది. కాసేపటికి లేచి, ఏమీ తోచక, టీ పెట్టడానికి వెళ్ళింది.

"ఏం మరిదిగారూ," అన్నారు వదినగారు, "నవ్వడానికి కూడా అంకెలు కూడాలా?"

"అది ఇలా ఇవ్వండి వదినగారూ."

కాగితం అందుకున్నాడు. పైన మూలన భార్య పేరు, ఎక్స్‌ప్రెస్ దస్తూరీ. పేరు కింద టైపు చేసిన నంబరు. 4,30,46,271.

ఆయన చాలాసేపు దాన్ని చూశాడు. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని గోడ మీది పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు భాగించడం మొదలుపెట్టాడు. మూడుతో ఒకసారి పోయింది. రెండోసారీ పోయింది, 47,82,919 వచ్చింది. మూడోసారి ఒకటి మిగిలింది. పదహారుసార్లు పోవలసింది రెండో మెట్టు మీదే ఆగిపోయింది. ఏడూ రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఈ కాగితం ఆమెది కాదు.

ఆయనకి ఏమీ అనిపించలేదు. అనిపించవలసిన చోట పళ్ళ డాక్టరు సూది వేశాక ఉన్నట్టుంది.

"ఇప్పుడు కూడా లెక్కలేనా?" అంది భార్య టీ ఇస్తూ. ఆమె మొహం ఈ నెలరోజుల్లో మొదటిసారి మామూలుగా ఉంది.

"ఆఫీసుకి వెళ్ళొస్తాను."

"సెలవు కదా?"

"ఒక సంతకం మర్చిపోయాను."

కాగితం జేబులో పెట్టుకున్నాడు. టీ తాగాడు. చెప్పులేసుకుని బయల్దేరాడు.

ఎక్స్‌ప్రెస్ అప్పటికే బల్ల సర్దేసి గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. విషయం విని ఏమాత్రం కంగారుపడలేదు.

"అన్నయ్యా, నేను అంకెలన్నీ కూడాను. ఇరవై ఏడు. అనుమానమొచ్చి మళ్ళీ కూడాను. మళ్ళీ ఇరవై ఏడే."

"రెండో కాగితం?"

"ఏ రెండోది?"

"721. అది కూడా ఇవాళే వచ్చుండాలి. ఎవరికిచ్చావు?"

"వచ్చిందేమో. అది కూడా ఇరవై ఏడే అయ్యుంటుంది. తప్పుంటే వదిలేవాణ్ణా?"

గొడవ విని సూపరింటెండెంటుగారు లోపలి గదిలోంచి వచ్చారు. ఆనాటి కమిటీలో మినిట్స్ రాసింది ఆయనే. అప్పట్లో జుట్టుండేది.

"ఇరవై ఏడు తొమ్మిదితో పోతుందా, పోదా?"

"పోతుందండీ."

"మరి తప్పేమిటి?"

"అంకెలు చోట్లు మారినా మొత్తం మారదండీ. ఏడుగురు ఈ బెంచీ మీద, ఇద్దరు ఆ బెంచీ మీద కూచున్నా, అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ కూచున్నా తొమ్మిది మందే. అలా తారుమారైన ఏ రెండు సంఖ్యల తేడా అయినా తొమ్మిదితో పోతుందండీ. దీనికీ దానికీ తేడా నాలుగు వందల యాభై. అదీ పోతుంది."

"అంటే మన పద్ధతి తప్పంటారా? దాని కింద మీ సంతకం ఉందే."

"ఉందండీ."

"అసలు మీకు ఆవిడ నంబరు ఎలా గుర్తుంది? రోజుకి నాలుగు వందలు రాస్తారు."

"అది మూడు పదహారుసార్లండీ."

సూపరింటెండెంటుగారు ఆయన్ని కాసేపు పరిశీలనగా చూసి, స్వరం తగ్గించారు. "ఇంటి దగ్గర దిగులుగా ఉన్నప్పుడు ఇలాంటివి తోస్తాయి. కూచోండి, మంచినీళ్ళు తాగండి."

నంబర్లాయన రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాడు. 721కి ఎదురుగా భార్య పేరు ఆయన దస్తూరీలోనే ఉంది. 271కి ఎదురుగా ఇంకొకామె పేరు, వృత్తి కుట్టుపని, వీధి, ఇంటి నంబరు. ఆ పేరు రాసినట్టు ఆయనకి గుర్తులేదు. వరస చూస్తే, భార్య సీసాని బంక సీసా వెనకాల పెట్టాక వచ్చిన నాలుగో సీసా అది. భార్య సీసాకి వచ్చినప్పుడే నంబరు వేసి ఉంటే ఈ రెండూ ఒకదాన్నొకటి పోలి ఉండేవి కావు. ఈ ముక్క ఆయన పైకి చెప్పలేదు. అడిగితే చెప్పేవాడే.

సూపరింటెండెంటుగారు రిజిస్టరు చూశారు, కాగితం చూశారు, ఎక్స్‌ప్రెస్‌ని చూశారు. ఎక్స్‌ప్రెస్ గోళ్ళు చూసుకున్నాడు.

"సరే. నకళ్ళు లోపలి బీరువాలో ఉంటాయి. తాళాలున్న డాక్టరు సోమవారం వస్తాడు. దరఖాస్తు పెట్టండి, సోమవారం తీయిద్దాం."

"ఆ రెండో కాగితం మంచిదైతే సోమవారం దాకా ఆగొచ్చండీ. చెడ్డదైతే ఆగకూడదు. ఏదో తెలియదు కాబట్టి ఆగకూడదు."

"ఆగకుండా ఏం చేస్తారు?"

"వెళ్ళి మార్చుకొస్తాను."

"నియమాల్లో లేదే."

"తారుమారు కూడా లేదండీ."

ఇరవై ఆరేళ్ళలో ఆయన పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పానని ఆయనకి తెలిసినట్టు లేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాగితం జేబులో ఉంది. ఆయన మనసులో 47,82,919ని భాగించుకుంటూ కూచున్నాడు. దీనివల్ల తేలేదేమీ లేదని తెలుసు. ఏడుతో ఒకటి మిగిలింది. పదకొండుతో తొమ్మిది. పదమూడుతో పదకొండు. పదిహేడుతో మూడు. పందొమ్మిదితో మళ్ళీ పదకొండు. కండక్టరు టిక్కెట్టడిగితే ఇచ్చాడు. ఇరవై మూడుతో నిశ్శేషంగా పోయింది, 2,07,953 వచ్చింది. ఇరవై తొమ్మిదితో పోలేదు, ముప్ఫై ఒకటితో పోలేదు. ముప్ఫై ఏడు దగ్గర ఉండగా దిగవలసిన స్టాపు వచ్చింది.

గొడుగులు బాగుచేసే కొట్టు మీద, మెట్లెక్కితే ఒకే గది. తలుపు తీసే ఉంది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక చంటిదాన్ని ఎత్తుకున్న ఇంకొకామె. గోడవారగా కుట్టుమిషను, దానిమీద దుప్పటి కప్పి ఉంది. నలభై ఏళ్ళావిడ నేలమీద కూచుని, కత్తిరించి పెట్టుకున్న గుడ్డల్ని మూటల్లోంచి తీసి ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తోంది.

"మీ పాప గౌను. చేతులు కత్తిరించాను, మెడ కత్తిరించలేదు. ఎవరిచేతనైనా కుట్టించుకోండి."

"నీకేమైందమ్మా ఉన్నట్టుండి?"

"ఏమీ కాలేదు. కుట్టలేను."

మంచం మీద కూచున్న ఆమె అత్తగారు ముక్కు తుడుచుకుంది.

గుమ్మం దగ్గరే నంబర్లాయనకి తన రెండో కాగితంలో ఏముందో తెలిసిపోయింది. చదవనక్కర్లేకపోయింది.

కుట్టుపనావిడ తలెత్తింది. "మీదేమిటి, చొక్కానా?"

"కాదమ్మా. కాగితం."

ఆయన చెప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చానని, పేర్లు తారుమారయ్యాయని, ఆమెది ఇదని, ఇది మంచి కాగితమని. ఎక్కడా ఆగకుండా, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె కాగితం అందుకుని రెండుసార్లు చదివింది.

"దీనిమీద వేరేవాళ్ళ పేరుందే."

"పేరు తప్పు. నంబరు ఒప్పు."

"ఈ నంబరు నాదని ఏమిటి నమ్మకం? చీటీ కిటికీ దగ్గర తీసేసుకున్నారు."

"రిజిస్టర్లో ఉందమ్మా."

"పొద్దున రాసిచ్చినవాడి దగ్గరా ఉందిగా రిజిస్టరు," అంది అత్తగారు మంచం మీంచి. "వీళ్ళ రిజిస్టర్లు తగలెయ్య. పొద్దున చస్తావంటారు, సాయంత్రం బతుకుతావంటారు. మధ్యలో వండిన కూర మాడిపోయింది."

కుట్టుపనావిడ కొలతల పుస్తకం తీసింది. చీటీ పోతుందేమోనని ఆ రోజు నంబరు అందులో రాసి పెట్టుకుందట. నడుం, భుజం, చేతి పొడవు రాసే గళ్ళ మధ్య వెతికి, వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివింది. నాలుగు, మూడు, సున్నా, నాలుగు, ఆరు. రెండు, ఏడు, ఒకటి. కాగితం మీద చూసింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

చదవడం అయ్యాక పుస్తకం మూసింది. తర్వాత, గుమ్మం దిగుతున్న ఆవిణ్ణి పిలిచింది.

"ఆ గౌను ఇటివ్వండి."

అత్తగారు ఏడవడమో నవ్వడమో మొదలుపెట్టింది. గుమ్మంలోవాళ్ళు తమ మూటలు మళ్ళీ నేలమీద పెట్టసాగారు. నంబర్లాయన నిలబడే ఉన్నాడు.

"ఆ రెండో కాగితం ఇప్పిస్తారా?"

ఆమె మిషను సొరుగులోంచి తీసింది. ఇవ్వబోయి ఆగింది.

"ఇది ఎవరిది?"

"మా ఆవిడది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుట్టుపనావిడ లేచి, కుర్చీ మీది గుడ్డలు తీసేసి, "ఒక్క నిమిషం కూచోండి అన్నయ్యగారూ," అంది. మంచినీళ్ళు తెచ్చింది. ఆయన కూచున్నాడు, తాగాడు, గ్లాసు ఎక్కడ పెట్టాలో చూసి పెట్టాడు. కాగితం అందుకుని మూలన నంబరు చూశాడు. 4,30,46,721. కింద చూడకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగుతుంటే పైన మిషను తిరగడం వినిపించింది.

ఇంటికి చేరేసరికి ఆరైంది. వదినగారు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ కింది వాటావాళ్ళకీ ఎదురింటివాళ్ళకీ శుభవార్త చెప్పి మరీ వెళ్ళారు. మెట్లెక్కేలోపు నంబర్లాయనని ఇద్దరు అభినందించారు. ఇద్దరికీ ఆయన థాంక్స్ చెప్పాడు.

భార్య బల్ల దగ్గర కూచుని ఉంది.

"సంతకం పెట్టారా?"

"సంతకం లేదు."

"తెలుసు. చెప్పులు కుడిది ఎడమకాలికి వేసుకుని వెళ్ళారు. మీరు దిగేదాకా పైనుంచి చూస్తూనే ఉన్నాను."

ఆయన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. రెండోసారి కాబట్టి ఇంకా క్లుప్తంగా వచ్చింది. ఆమె వింటూ కాగితం వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"తప్పు అడ్రసు," అంది చివరికి.

"అవును."

"మాకు రోజుకి పది వస్తాయి అలాంటివి. గుర్తుపట్టినవి తిప్పి పంపుతాం." కాస్త ఆగి, "ఎలా ఉంది ఆవిడ?" అంది.

"కుడుతోంది."

"ఎంతసేపుంది ఇది వాళ్ళ దగ్గర?"

"పొద్దుటి నుంచి. పదింటికే తీసుకెళ్ళారట."

"పాపం."

వంటింట్లో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆమె లేచి కట్టేసి వచ్చి మళ్ళీ కూచుంది.

"నంబరు తప్పని మీకెలా తెలిసింది? మీరు రాసిన నంబర్లు మీకే గుర్తుండవుగా."

అప్పుడాయన సీసా సంగతి చెప్పాడు. నలభై ఎనిమిది సీసాలు, బంక సీసా, పదహారు మూళ్ళు. ఆపి ఉండకపోతే ఈ తారుమారే జరిగేది కాదని కూడా చెప్పాడు.

"నా సీసాని పక్కన పెట్టారా?"

"ముప్పావుగంట."

"దేనికి?"

"ఆ నంబరు నీకిద్దామని."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "ఇరవై రెండేళ్ళలో మీరు నాకు ఏం తెచ్చారో తెలుసా? ఒక ప్రెషర్ కుక్కరు, ఒక గొడుగు."

"రెండు గొడుగులు."

"రెండు గొడుగులు," ఒప్పుకుంది. "ఇప్పుడు ఇది."

కింద ఎవరో గట్టిగా రేడియో పెట్టి మళ్ళీ తగ్గించారు. ఆమె బల్ల మీది కాగితాన్ని వేలితో ఆయన వైపు జరిపింది.

"చదివారా?"

"లేదు."

"ఆవిడ చదివింది. ఆవిడ అత్తగారు చదివి ఉంటుంది. మీరు మాత్రం చదవలేదు."

"చదవలేదు."

"చదవండి. నాకు అద్దాలు ఎక్కడ పెట్టానో తెలియడం లేదు."

అద్దాలు ఆమె చేతి పక్కనే ఉన్నాయి. ఆయన కాగితం మడతలు విప్పాడు. బల్ల మీద అరచేత్తో సాపు చేశాడు.

"నాలుగు కోట్ల ముప్ఫై లక్షల నలభై ఆరువేల ఏడువందల..."

"అది తెలిసింది. కింద చదవండి."

కింద నాలుగు పంక్తులున్నాయి. ఆయన మొదటిది చదివాడు. రెండోదాంట్లో సగానికి వచ్చి ఆగాడు. ఆయన ఆ మాటని కూడబలుక్కుని పైకి చదివి, మూడో పంక్తికి వెళ్ళాడు.